ఇటుకకి తల్లి ఉండదు

మొదటిసారి మైక్రోస్కోపులో ఉల్లిపొరను చూసినప్పుడు నాకు గోడ కనిపించింది. మాటవరసకి అనడం లేదు, నిజంగా గోడలాగే ఉంది. పొడుగాటి ఇటుకలు, వరస మీద వరస, మధ్యలో సిమెంటు పూసినట్టు సన్నటి గీతలు. "ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన శరీరం కణాలతో కట్టి ఉంటుంది" అని టీచరు చెబుతున్నారు, కంటి ముందు గోడ ఉంది. ఇంకేం కావాలి? ఆ పోలిక నా బుర్రలో అప్పుడే గట్టిపడిపోయింది. దాన్ని బద్దలు కొట్టుకోవడానికి తర్వాత చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నాకు ఆ ఇటుక మీద కోపం. పిల్లలకి అర్థం కావాలని చెప్పే చిన్న పోలికే కదా, ఇంత కోపమెందుకు అంటారేమో. పోలిక అన్నాక ఎక్కడో ఒకచోట కుదరదు, అది నాకూ తెలుసు. కానీ ఇది కుదరనిచోటు ఏదో మూలన లేదు. కణ సిద్ధాంతంలో అసలు సంగతి ఏదో, సరిగ్గా దాన్నే ఈ ఇటుక కప్పేస్తోంది.

పరీక్షలో మనం రాసిన జవాబు గుర్తు తెచ్చుకోండి. ఒకటి, జీవులన్నీ కణాలతో నిర్మితమై ఉంటాయి. రెండు, కణం జీవుల నిర్మాణాత్మక, క్రియాత్మక ప్రమాణం. మూడు, కొత్త కణాలు అంతకుముందున్న కణాల నుంచే ఏర్పడతాయి. మొదటి రెండూ 1838-39లో జర్మన్ శాస్త్రవేత్తలు ష్లైడన్, ష్వాన్ చెప్పారనీ, మూడోది 1855లో విర్కో చేర్చాడనీ రాస్తే ఫుల్ మార్కులు. చదువుతుంటే ఎలా ఉంటుంది? ఇద్దరు ఇల్లు కట్టారు, మూడోవాడు వచ్చి సున్నం వేశాడు అన్నట్టుంటుంది. నా లెక్కలో వ్యవహారం తలకిందులు. మూడో వాక్యమే సిద్ధాంతం. మొదటి రెండూ దాని వెంట నడిచేవి, పైగా మినహాయింపులతో కుంటుతూ నడిచేవి. ఇంకో చిత్రం, మొదటి రెండు వాక్యాలకి మనం ఎవరికి దండం పెడుతున్నామో ఆ ఇద్దరూ మూడో వాక్యానికి పూర్తి వ్యతిరేకంగా నమ్మారు, రాశారు, బోధించారు.

కథ పేరు దగ్గరే దారి తప్పింది. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త 'మైక్రోగ్రాఫియా' అనే పుస్తకం అచ్చేశాడు. పదునైన చాకుతో బెండు ముక్క నుంచి పల్చటి పొర కోసి, నల్లటి పలక మీద పెట్టి చూస్తే తేనెపట్టులాంటి అరలు కనిపించాయి. వాటికి చిన్నగది అనే అర్థంలో సెల్ అని పేరు పెట్టాడు. ఆయన ఓపికకి మొక్కాలి, ఒక ఘనపు అంగుళం బెండులో ఎన్ని గదులుంటాయో లెక్కకట్టాడు: 125 కోట్ల 97 లక్షల 12 వేలు. అయితే ఆయన వెతికింది జీవరహస్యం కాదు. బెండు ఎందుకింత తేలిక, నీళ్లలో ఎందుకు మునగదు, నొక్కితే ఎందుకు అణుగుతుంది అన్నవి ఆయన ప్రశ్నలు. గాలి నిండిన గదులు దొరికాయి, ప్రశ్నకి జవాబు వచ్చింది, అంతే. ఆ గదుల్లో ఒకప్పుడు బతికినదేదో ఎప్పుడో పోయింది, మిగిలింది గోడలు. ఖాళీ ఇంటి గోడలకి పెట్టిన పేరుని ఆ తర్వాత అందులో కాపురమున్నవాళ్లకి కూడా తగిలించాం.

మన తెలుగుమాట ఇంకోరకంగా చిక్కు పెడుతుంది. కణం అంటే రేణువు, నలుసు. ఫిజిక్స్ పుస్తకంలో ఎలక్ట్రానూ కణమే, బయాలజీ పుస్తకంలో ఉల్లిపొరలో ఉన్నదీ కణమే. గది అన్నా, నలుసు అన్నా మనసుకి ఒకటే బొమ్మ తోస్తుంది: చిన్న ముక్కలు, వాటిని పేర్చితే పెద్ద వస్తువు. ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చింది అనే ప్రశ్న రెండు మాటల్లోనూ పుట్టదు.

హుక్ తర్వాత దాదాపు 170 ఏళ్లు సిద్ధాంతమంటూ ఏదీ రాలేదు. డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తానే అరగదీసుకున్న ఒంటి కటకాలతో చెరువునీటిలో, పంటిపాచిలో కదిలే ప్రాణుల్ని చూసి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. మాల్పీగీ, గ్రూ మొక్కల లోపలి నిర్మాణాన్ని ఎంతో అందంగా గీశారు. కానీ రెండు కటకాల మైక్రోస్కోపుల్లో బొమ్మ చుట్టూ రంగుల అంచులు, మసక. ఆ మసక ఎంత మోసం చేసిందంటే, 1823లో మిల్న్ ఎడ్వర్డ్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త జంతువుల కణజాలాలన్నీ మిల్లీమీటరులో 300వ వంతు ఉండే గుండ్రటి పూసలతో తయారయ్యాయని ప్రకటించాడు. ఏ కణజాలం పెట్టినా అవే పూసలు, అదే సైజు! ఆ పూసలు చాలావరకు కటకం లోపంవల్ల కనపడినవి. 1827లో హాడ్జ్‌కిన్, లిస్టర్ మెరుగైన కటకాలతో చూసేసరికి పూసలు మాయం. ఈ సంగతి చదివినప్పట్నించీ కళ్లారా చూశాను అనే మాటని నేను కొంచెం జాగ్రత్తగా వింటున్నాను. నా గోడ కూడా కళ్లారా చూసిందే కదా.

కటకాలు బాగుపడ్డాక పని చకచకా సాగింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ఒక గుండ్రటి మచ్చని గమనించి దానికి కేంద్రకమని పేరు పెట్టాడు. 1832లో డ్యుమోర్టియే, 1835లో ఫాన్ మోల్ శైవలాల్లో, అంటే నాచుల్లో, ఒక కణం మధ్యలో అడ్డుగోడ లేచి రెండు కణాలవడం చూశారు. దీన్ని గుర్తుపెట్టుకోండి. సరైన జవాబు సిద్ధాంతం కంటే ముందే అచ్చులో ఉంది.

ఇక బెర్లిన్. మాథియాస్ ష్లైడన్ లాయరుగా మొదలై, ఆ వృత్తిలో నలిగిపోయి, ఆత్మహత్యకి ప్రయత్నించి బతికి, వృక్షశాస్త్రంలోకి వచ్చినవాడు. థియోడార్ ష్వాన్ అక్కడి శరీరశాస్త్ర ప్రొఫెసరు యొహానెస్ ముల్లర్ దగ్గర అసిస్టెంటు, నెమ్మదస్తుడు. 1837లో ఒకరోజు ఇద్దరూ కలిసి భోంచేస్తుండగా ష్లైడన్ మొక్కల కణాల్లో కేంద్రకం గురించి చెప్పాడట. అలాంటివే తాను తోకకప్ప పృష్ఠవంశంలో (వీపు పొడుగునా ఉండే మెత్తటి కడ్డీలో) చూసినట్టు ష్వాన్‌కి చప్పున గుర్తొచ్చింది. ఇద్దరూ లేచి ల్యాబుకి వెళ్లి చూశారు. అక్కడ పుట్టిన ఆలోచన మామూలుది కాదు: మొక్కా జంతువూ లోపల ఒకటే. ఈ మాట విలువని నేను తగ్గించడం లేదు. అంతకుముందు ఇద్దరు ముగ్గురు అన్నా, ఒక్కో కణజాలాన్నీ వరసగా పరీక్షించి 1839లో పుస్తకంగా రుజువులు పేర్చింది ష్వాన్.

కానీ కణం ఎలా పుడుతుంది? అక్కడే బోల్తా పడ్డారు. పంచదార పాకంలో పలుకులు కట్టినట్టు ఒక ద్రవంలోంచి ముందు కేంద్రకం గడ్డకడుతుంది, దాని చుట్టూ కణం పొర పెరుగుతుంది అన్నాడు ష్లైడన్. అదంతా కణం లోపలే జరుగుతుందని ఆయన లెక్క. ష్వాన్ ఇంకో అడుగు వేసి, జంతువుల్లో కణాలకి బయట ఉండే ద్రవంలోనే కొత్త కణాలు స్ఫటికాల్లా ఏర్పడతాయన్నాడు. అంటే తల్లి లేకుండానే! సాక్షాత్తూ కణ సిద్ధాంత కర్తలు కణాన్ని తల్లిలేని ఇటుకని చేసేశారు.

ష్వాన్‌ని వెక్కిరించడం తేలికే, కానీ ఆయన ఎందుకలా అనుకున్నాడో చూస్తే నాకు గౌరవం పెరుగుతుంది. జీవుల్లో ఏదో అంతుచిక్కని ప్రాణశక్తి ఉండి శరీరాన్ని నడిపిస్తుందనే వాదం అప్పట్లో గట్టిగా ఉండేది. ష్వాన్‌కి అది గిట్టలేదు. స్ఫటికం తనంతట తాను కడుతుంది కదా, దానికి ఏ ప్రాణశక్తీ అక్కర్లేదు, కణం కూడా అలాగే అయితే జీవం మొత్తం రసాయనమే అవుతుంది. ఆశ మంచిదే, దారి తప్పు. ఇంకో విడ్డూరం కూడా ఉంది. కుళ్లే పదార్థంలోంచి సూక్ష్మజీవులు వాటంతటవే పుట్టవని, గాలిని వేడిచేసి పంపి ప్రయోగం చేసి చూపించింది కూడా ఇదే ష్వాన్. సీసాలో ఒప్పుకోనిదాన్ని ఒంట్లో ఒప్పుకున్నాడు.

ఆ వైరుధ్యాన్ని పట్టుకున్నవాడు అదే ముల్లర్ శిష్యుల్లో ఉన్నాడు. పేరు రాబర్ట్ రెమాక్. నేను చదివిన ఏ పాఠంలోనూ ఈ పేరు లేదు.

రెమాక్ పోలండ్ ప్రాంతం నుంచి వచ్చిన యూదుడు. బెర్లిన్ రాజధానిగా ఉన్న ప్రష్యా రాజ్యంలో యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే యూదులు మతం మారాలి. ఆయన మారలేదు. రాజుకి అర్జీ పెట్టుకుని, చాలా ఏళ్లు ఎదురుచూసి, 1847లో బెర్లిన్ యూనివర్సిటీలో లెక్చరరు అయ్యాడు. పూర్తిస్థాయి ప్రొఫెసరు పదవి చివరిదాకా రాలేదు. ఈ ఇబ్బందులన్నిటి మధ్యే ఆయన చూపు మాత్రం ఒకచోట నిలిచింది. 1841లో కోడిపిల్ల పిండం రక్తంలో రెండేసి కేంద్రకాలున్న కణాలు, మధ్యలో సన్నటి కాడలాంటి భాగంతో విడిపోతూ కనిపించాయి. ఒక్క చోట చూసి అన్నిటికీ వర్తింపజేయలేదు. కప్పగుడ్లు పట్టుకున్నాడు.

కప్పగుడ్డు ఈ పనికి వరం. మిల్లీమీటరు పైనే ఉంటుంది, కంటికే కనపడుతుంది. ఫలదీకరణ అయిన కొన్ని గంటలకి దానిమీద ఒక గాడి పడుతుంది, రెండు ముక్కలవుతుంది. తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు. ఈ గాళ్లు పడటం 1824లోనే ప్రెవో, డ్యూమా వర్ణించారు. కానీ ఆ ముక్కలే కణాలనీ, చివరికి చర్మమూ కండరమూ నరమూ అన్నీ ఆ ముక్కల సంతానమేననీ తేలలేదు. రెమాక్ గుడ్లని రసాయనాలతో గట్టిపరిచి, విభజన జరిగే చోట పొర ఎలా మూసుకుంటుందో అడుగడుగునా చూశాడు. ఎక్కడా ద్రవంలోంచి కణం గడ్డకట్టలేదు. 1852లో రాసేశాడు: జంతుకణాలు కణాల బయట పుడతాయన్న మాట, జీవులు వాటంతటవే పుడతాయన్న మాట ఎంత నమ్మశక్యం కానిదో తనకి అంతే నమ్మశక్యం కానిదని. రోగపీడిత కణజాలానికి కూడా ఇదే వర్తిస్తుందన్నాడు.

మూడేళ్ల తర్వాత, 1855లో, రుడాల్ఫ్ విర్కో తన పత్రికలో అదే విషయాన్ని రాసి, ప్రతి కణమూ కణం నుంచే అనే లాటిన్ నినాదాన్ని ఊరూవాడా చేశాడు. రెమాక్‌కి దక్కాల్సిన పేరు ఆ వ్యాసంలో దక్కలేదు. ఆ నినాదమూ ఆయన కట్టింది కాదు, 1825లోనే ఫ్రాన్సులో రస్పాయ్ వాడిన మాట. విర్కో కొన్నేళ్ల ముందు వరకూ ద్రవం వాదాన్నే నమ్మినవాడు కూడా. నాకు విర్కో అంటే చిన్నచూపేం లేదు. జబ్బు అంటే ఒంట్లో ద్రవాలు చెడిపోవడం కాదు, ఫలానా కణాల్లో తేడా రావడం అని 1858 నాటి ఉపన్యాసాల్లో వైద్యుల చేత ఒప్పించాడు చూశారూ, అది రెమాక్ వల్ల అయ్యేది కాదు. కానీ చూసినవాణ్ణి పూర్తిగా మరిచిపోయి, చాటింపు వేసినవాడి పేరొక్కటే పరీక్షలో అడగడం అన్యాయం.

ఆ తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అవన్నీ మూడో వాక్యాన్ని బిగించినవే. 1861లో మాక్స్ షుల్ట్‌సే కణానికి గోడ అక్కర్లేదు, కేంద్రకం ఉన్న జీవపదార్థపు ముద్ద చాలన్నాడు. హుక్ పెట్టిన గది అక్కడితో కూలింది, పేరు మాత్రం ఉండిపోయింది. 1882 నాటికి వాల్టర్ ఫ్లెమింగ్ సమవిభజనలో, అంటే కణం రెండు ఒకేలాంటి కణాలుగా చీలేటప్పుడు, కేంద్రకంలో దారాల్లాంటివి నిలువునా చీలి రెండువైపులకీ పంచుకోబడటం చూసి, కేంద్రకం కూడా కేంద్రకం నుంచే అన్నాడు. కణం లోపల ఉండి దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా అంతే, ముందున్న మైటోకాండ్రియా నుంచే వస్తాయి, కణం వాటిని కొత్తగా తయారుచేసుకోలేదు.

ఇప్పుడు మొదటి రెండు వాక్యాల దగ్గరికి రండి. జీవులన్నీ కణాలతో కట్టినవే అంటే, మెదడు సంగతేంటి? మెదడుని మైక్రోస్కోపులో చూసిన ఇద్దరు శాస్త్రవేత్తల్లో గోల్జీ అది ఒకదానితో ఒకటి అల్లుకుపోయిన వల అన్నాడు, కహాల్ విడివిడి కణాలన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే ఆ వేదిక మీదే గోల్జీ కహాల్ వాదాన్ని ఖండించాడు. నరకణాల మధ్య నిజంగా ఖాళీ ఉందని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1950ల్లో గానీ చూపించలేదు. మన కండరపు పోగు చూడండి, అనేక కణాలు కలిసిపోయి వందల కేంద్రకాలతో ఒకే గొట్టమైంది. సముద్రంలో కౌలెర్పా అనే శైవలం మీటరు దాటి పాకుతుంది, ఆకుల్లాంటివీ వేళ్లలాంటివీ ఉంటాయి, లోపల అడ్డుగోడ ఒక్కటీ లేదు. మొత్తం ఒకే కణం! మన ఎర్రరక్తకణం కేంద్రకాన్ని పారేసుకుని 120 రోజులు తిరుగుతుంది. ప్రమాణం, యూనిట్ అనే మాటలు ఇక్కడ సాగదీసి సర్దుకోవాల్సిందే. మూడో వాక్యానికి ఆ అవస్థ లేదు. కండరపు పోగు కణాల కలయికతో వచ్చింది. ఎర్రకణం ఎముకమజ్జలో మాతృకణం విభజనతో వచ్చింది. కౌలెర్పా కౌలెర్పా నుంచి వచ్చింది.

మరి వైరస్? ఇక్కడ నేను ఇటుకవాదులతో రాజీపడతాను. వైరస్ నిజంగా కట్టుడు సరుకే. కణం లోపల దాని భాగాలు విడివిడిగా తయారై, తర్వాత ఒకదానికొకటి అమరుతాయి. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ని ఏకంగా స్ఫటికాలుగా తీశాడు. ష్వాన్ కణంలో వెతికిన స్ఫటికం అక్కడ దొరికింది. కణం మాత్రం ఎప్పుడూ అలా భాగాలుగా బిగించబడదు. పెరిగి చీలుతుంది, అంతే. జీవానికీ వైరస్‌కీ మధ్య గీత ఎక్కడ గియ్యాలని అడిగితే నేను సరిగ్గా ఇక్కడే గీస్తాను.

ఇదంతా మాటల గొడవ అనిపిస్తే ఒక సంగతి చెబుతాను. దగ్గరి బంధువు ఒకావిడకి రొమ్ము క్యాన్సర్ వచ్చి, తర్వాత ఊపిరితిత్తిలో మచ్చ కనపడింది. "ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా వచ్చిందా? రెండు జబ్బులా?" అని ఆవిడ టెన్షన్ పడుతోంది. డాక్టరు, అది రొమ్ము క్యాన్సరే అమ్మా, అక్కడికి చేరింది, మందు కూడా దానికి సంబంధించిందే ఇస్తాం అన్నారు. ఆవిడకి అర్థం కాలేదు. నాకు కూడా క్షణం పట్టింది. ఇటుక లెక్కలో ఊపిరితిత్తి గోడలో పాడైన ఇటుక ఊపిరితిత్తి ఇటుకే కావాలి. వంశం లెక్కలో అయితే ఊళ్లు మారినా ఇంటిపేరు మారదు. ఆ కణాలు రొమ్ములో ఒక కణానికి పుట్టిన సంతానం, ఎక్కడికెళ్లినా ఆ పోలికలతోనే ఉంటాయి. బయటి నుంచి వచ్చిన శత్రువూ కాదు, చెడిపోయిన ద్రవమూ కాదు. మూడో వాక్యం అర్థమైతే తప్ప ఇది అర్థం కాదు. (విర్కో కూడా ఇక్కడ పొరపడ్డాడు. క్యాన్సర్లు సంయోజక కణజాలం (అవయవాల్ని కలిపి పట్టి ఉంచేది) నుంచి పుడతాయని ఆయన నమ్మకం. 1860ల్లో టీర్ష్, వాల్డైయర్ వాటి మూలం ఉపకళా కణాల్లో (అవయవాల పైపొర కణాల్లో) చూపించారు. నినాదం ఇచ్చినంత తేలిక కాదు వంశవృక్షం గీయడం.)

ఇంకా దగ్గరి ఉదాహరణ మీరే. మీరు మొదలైన అండకణం మీ అమ్మ పెద్దయ్యాక తయారైంది కాదు. ఆడపిండానికి ఇరవై వారాలు నిండేసరికి అండాశయాల్లో 60-70 లక్షల అండమాతృకలు, అంటే తర్వాత అండాలు కాగల కణాలు, ఉంటాయి. అంటే మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే మీ తొలికణం అక్కడ సిద్ధంగా ఉంది. దాని ముందు ఇంకో కణం, దాని ముందు ఇంకోటి. ఈ వరస ఎక్కడా తెగలేదు, తెగి ఉంటే మీరు లేరు. ఇప్పుడు మీ ఒంట్లో ఉన్న దాదాపు 30 లక్షల కోట్ల కణాల్లో ప్రతిదానికీ కనీసం 350 కోట్ల ఏళ్ల తెగని వరస ఉంది.

పాఠ్యపుస్తకాల మీద నా ఫిర్యాదు కూడా చెప్పి వదిలేస్తాను. కణ సిద్ధాంతం ఒక తరగతిలో, కణవిభజన ఎప్పుడో ఇంకో తరగతిలో. రుజువు ఒకచోట, తీర్మానం ఒకచోట. ఉల్లి కావాలంటే ఉల్లే తీసుకోండి, కానీ పొరతో ఆపకుండా వేరు కొన కూడా అదే రోజు చూపించండి. అక్కడ కణాలు చీలుతూ దొరుకుతాయి. పొరలో గోడ చూసిన పిల్ల, వేరుకొనలో ఆ గోడ పురుడు పోసుకోవడం చూస్తుంది.

2010లో క్రెయిగ్ వెంటర్ బృందం కృత్రిమ కణం సృష్టించిందని పేపర్లు మోగిపోయాయి. చేసిన పని గొప్పదే, దాదాపు 10 లక్షల 80 వేల అక్షరాల జన్యుపదార్థాన్ని రసాయనాల నుంచి మొదలుపెట్టి కూర్చారు. కానీ దాన్ని ఎందులో పెట్టారు? అది మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా జన్యుపదార్థం, దాన్ని మైకోప్లాస్మాలోనే మరో జాతి కణంలోకి ఎక్కించారు. పొర, కణద్రవ్యం, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు, అన్నీ ఆ పాత కణానివే. రాత మార్చగలిగారు, తల్లి లేకుండా మాత్రం గడవలేదు.

నా మూడో వాక్యానికి ఒకే ఒక్క మినహాయింపు ఉండి తీరాలి, అది నేను దాచడం లేదు. భూమి మీద మొదటి కణానికి తల్లి లేదు. కొవ్వు ఆమ్లాల అణువులు నీళ్లలో వాటంతటవే పొరలుగా చేరి చిన్న బుడగలవుతాయి. 2009లో జాక్ షోస్టాక్ ల్యాబులో అలాంటి బుడగలు పక్కనుంచి కొవ్వు ఆమ్లం అందితే పొడుగ్గా సాగడం, కాస్త కదిలిస్తే తెగి చిన్న బుడగలవడం చూశారు. ఒక ద్రవం, అందులోంచి ఏ ప్రాణశక్తీ లేకుండా గుమిగూడే కణంలాంటిది. ష్వాన్ 1839లో వేసిన ప్రశ్నే ఇది. మన శరీరంలో రోజూ జరుగుతుందనుకున్నాడాయన. అది జరిగింది ఎన్నో వందల కోట్ల ఏళ్ల కిందట, ఒక్కసారి.